ముప్పై కంప్యూటర్లు, ఒక పెన్‌డ్రైవ్

గత ఏడాది జాతీయ సైన్స్ దినోత్సవానికి ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో మాట్లాడటానికి వెళ్లాను. రామన్ ఎఫెక్ట్ మీద నా ఉపన్యాసం అయ్యాక టీ ఇచ్చి, కంప్యూటర్ ల్యాబ్ చూడమని తీసుకెళ్లారు. శుభ్రంగా ఉంది. ముప్పై కంప్యూటర్లు, సరిపడా కుర్చీలు, గోడ మీద చార్లెస్ బాబేజ్ బొమ్మ. కాకపోతే పంతొమ్మిది కంప్యూటర్ల మీద గుడ్డ కప్పి ఉంది. విద్యార్థులు మిగిలిన పదకొండింటి ముందు ముగ్గురేసి కూర్చున్నారు. ఒకరు టైప్ చేస్తుంటే ఇద్దరు చూస్తున్నారు.

"అవి పాడయ్యాయా?" అని అడిగాను.

"పాడవలేదు మేడం, ఓఎస్ పోయింది" అన్నారు ల్యాబ్ అసిస్టెంట్. "పెన్‌డ్రైవ్ ఆయన రావాలి."

పెన్‌డ్రైవ్ ఆయనంటే మెయింటెనెన్స్ కాంట్రాక్టు తీసుకున్న సంస్థ మనిషి. జిల్లా కేంద్రం నుంచి వస్తారు. ఫిర్యాదు రాసి పంపితే నెలకో, రెండు నెలలకో వస్తారు. వచ్చినరోజు నాలుగైదు కంప్యూటర్లలో పెన్‌డ్రైవ్ పెట్టి, ఒక్కోదాని ముందు కూర్చుని, 'నెక్స్ట్' 'నెక్స్ట్' నొక్కుకుంటూ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోతారు. ఆయన మళ్లీ వచ్చేసరికి ఇంకో నాలుగు పోయి ఉంటాయి. ఇందులో ఆయన తప్పు పెద్దగా ఏమీ లేదు. ఉన్నది ఒక మనిషి, ఒక పెన్‌డ్రైవ్, తిరగాల్సిన కళాశాలలు చాలా.

నన్ను ఆపేసింది వేరే విషయం. ఆ గది మూలన ఒక నెట్‌వర్క్ స్విచ్ ఉంది. దాని నుంచి ప్రతి బల్ల కిందికీ కేబుల్ పోయింది. గుడ్డ కప్పిన కంప్యూటర్లకూ కేబుల్ తగిలించే ఉంది. అంటే ఆ పంతొమ్మిదింటినీ పెన్‌డ్రైవ్ లేకుండా, సీడీ లేకుండా, ఆ తీగ మీదుగానే బతికించొచ్చు. ఇదేమీ నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. దీనికి నలభై ఏళ్లు దాటాయి. పెద్ద కంపెనీల డేటా సెంటర్లలో వేల సర్వర్లకు ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేది ఇలాగే. ఒక్కోదాని దగ్గరికీ పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరిగే పని అక్కడ ఎవరూ పెట్టుకోరు. మన ప్రభుత్వ బడుల్లో, కళాశాలల్లో మాత్రం ఈ పద్ధతి దాదాపుగా కనపడదు. కనపడాలన్నది నా వాదన. ఎందుకో చెప్పేముందు, అదెలా సాధ్యమో చూద్దాం. ఎందుకంటే మొదటిసారి వింటే ఇది అసాధ్యంగానే అనిపిస్తుంది.

చిక్కు ఇదీ. నెట్‌వర్క్ నుంచి ఒక ఫైలు తెచ్చుకోవాలంటే ఆ పని తెలిసిన సాఫ్ట్‌వేర్ కావాలి. మామూలుగా ఆ సాఫ్ట్‌వేర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాగం. మరి తెచ్చుకోవాల్సిందే ఆపరేటింగ్ సిస్టమ్ అయితే? విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టుంటుంది. దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన జవాబు ఏమిటంటే, విత్తు అంటూ ఒకటి ఎక్కడో ఉండి తీరాలి, అయితే అది ఎంత చిన్నదైతే అంత మంచిది. కంప్యూటర్ మదర్‌బోర్డు మీద, లేదా నెట్‌వర్క్ కార్డులోనే, హార్డ్‌డిస్క్ పోయినా చెరగని చిప్పులో ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. దానికి తెలిసింది రెండే పనులు. "నేనెవరు, ఎవరిని అడగాలి?" అని నెట్‌వర్క్‌లో కేకేయడం ఒకటి. చెప్పిన చోటి నుంచి ఒక చిన్న ఫైలు తెచ్చుకుని నడపడం రెండోది.

భౌతికశాస్త్రం చదివినదాన్ని కాబట్టి ఈ మాట దగ్గర నాకు వాయేజర్-1 గుర్తొస్తుంది. 2023 నవంబరులో ఆ నౌక అర్థంలేని సంకేతాలు పంపడం మొదలుపెట్టింది. దాని కంప్యూటర్లలో ఒకదానిలో మెమరీ చిప్ చెడిపోయిందని తేలింది. అప్పటికి అది దాదాపు 2,400 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. రేడియో సంకేతం వెళ్లడానికే ఇరవై రెండున్నర గంటలు. నాసా ఇంజనీర్లు చెడిన చిప్పులోని కోడును ముక్కలు చేసి, మెమరీలో వేరేచోట సర్దేలా 2024 ఏప్రిల్ 18న ఆదేశాలు పంపారు. రెండు రోజుల తరవాత నౌక సరైన జవాబిచ్చింది. అక్కడికి పెన్‌డ్రైవ్ ఆయన వెళ్లలేడు కదా. నౌకలో వినే భాగం, విన్నదాన్ని పాటించే భాగం బాగున్నంతకాలం మిగతాదంతా దూరం నుంచి సరిచేయొచ్చన్నదే అక్కడి సూత్రం. మన ల్యాబ్‌లోని డెస్క్‌టాప్‌లోనూ సూత్రం అదే. దూరం మాత్రం పది మీటర్లు.

ఈ ఆలోచన 1980లలో అవసరం కొద్దీ పుట్టింది. అప్పట్లో హార్డ్‌డిస్క్ చాలా ఖరీదైన వస్తువు. ప్రతి వర్క్‌స్టేషన్‌కూ ఒకటి పెట్టే బదులు, డిస్క్ లేని వర్క్‌స్టేషన్లు కొని, అన్నిటికీ కలిపి ఒక సర్వర్ పెడితే చవక. కానీ డిస్క్ లేని యంత్రం నిద్ర ఎలా లేవాలి? 1984లో రాస్ ఫిన్లేసన్ ఆర్‌ఎఫ్‌సీ 906 అనే పత్రంలో ఒక దారి రాశారు. మరుసటి ఏడాది స్టాన్‌ఫర్డ్‌కు చెందిన బిల్ క్రాఫ్ట్, సన్ మైక్రోసిస్టమ్స్‌కు చెందిన జాన్ గిల్మోర్ ఆర్‌ఎఫ్‌సీ 951లో బూట్‌పీ అనే పద్ధతిని ప్రతిపాదించారు. ఈరోజు మీ ఇంటి వైఫై రూటర్ మీ ఫోనుకు చిరునామా ఇచ్చే డీహెచ్‌సీపీ పద్ధతి దానికి వారసురాలే. 1990ల చివర్లో ఇంటెల్ సంస్థ ఈ ముక్కలన్నిటినీ కలిపి పీఎక్స్‌ఈ అనే ప్రమాణంగా కూర్చింది. దాని 2.1 వెర్షన్ 1999లో వచ్చింది. 'ప్రీబూట్ ఎగ్జిక్యూషన్ ఎన్విరాన్‌మెంట్' అన్న పెద్ద పేరుకు ఇది పొట్టిరూపు. 'పిక్సీ' అని పలుకుతారు. ఆ తరవాత వచ్చిన ఆఫీసు డెస్క్‌టాప్‌లలో ఇది లేనివి అరుదు. సెట్టింగుల్లో ఎక్కడో ఆపేసి ఉంటుంది, అంతే.

ఇప్పుడు గుడ్డ తీసి, ఆ కంప్యూటర్ స్విచ్ వేశామనుకోండి. నెట్‌వర్క్ నుంచి మొదలవ్వమని చెప్పాం. దానికి తన పేరు తెలియదు, చిరునామా తెలియదు. తెలిసిందల్లా నెట్‌వర్క్ కార్డు మీద తయారీలోనే రాసిన 48 బిట్ల సంఖ్య. కొత్త ఊళ్లో రాత్రి బస్సు దిగిన మనిషిలా అది గట్టిగా కేకేస్తుంది: "నా నంబరు ఇదీ, నేను పిక్సీ యంత్రాన్ని, ఎవరైనా ఉన్నారా?" ఆ కేక గదిలోని అన్ని యంత్రాలకూ వినిపిస్తుంది. డీహెచ్‌సీపీ సర్వర్ మాత్రమే పలుకుతుంది: "నీకు ఫలానా ఐపీ చిరునామా ఇస్తాను." యంత్రం "సరే, అదే ఇవ్వు" అంటుంది. సర్వర్ ఖాయం చేస్తుంది. ఈ నాలుగు మాటల్లోనే సర్వర్ ఇంకో రెండు వివరాలు చెవిన వేస్తుంది. మొదలుపెట్టే ఫైలు ఏ సర్వర్ దగ్గరుందో, దాని పేరేమిటో. యంత్రం ఆ ఫైలు తెచ్చుకుని నడుపుతుంది. అది కొన్ని పదుల లేదా వందల కిలోబైట్ల ప్రోగ్రామ్. అది తెర మీద ఒక మెనూ చూపించి, లినక్స్ కెర్నెల్‌నో మరో ఇన్‌స్టాలర్‌నో తెచ్చి మెమరీలో పెడుతుంది. ఆ ఇన్‌స్టాలర్‌కు నెట్‌వర్క్ వాడటం పూర్తిగా వచ్చు. మిగతా గిగాబైట్లన్నీ అదే తెచ్చుకుంటుంది. చిన్నది కాస్త పెద్దదాన్ని, అది ఇంకా పెద్దదాన్ని పిలుచుకు రావడం, అంతే.

ఆ మొదటి ఫైలును మోసే పద్ధతి పేరు టీఎఫ్‌టీపీ. మొదటి అక్షరం 'ట్రివియల్'కు. అల్పమైనదని పేరులోనే చెప్పుకున్న ఇంత నిజాయితీ గల ప్రమాణం ఇంకోటి నేను చూడలేదు. 1981 నాటి ఆర్‌ఎఫ్‌సీ 783లో దీన్ని రాసింది కారెన్ సోలిన్స్. ఇది ఫైలును 512 బైట్ల ముక్కలుగా కోసి, ఒక ముక్క పంపి, "అందింది" అన్న జవాబు వచ్చాకే రెండో ముక్క పంపుతుంది. ఎంత సరళమంటే, చిన్న చిప్పులో పట్టేస్తుంది. ఎంత నెమ్మదంటే, ఇక్కడ కాస్త లెక్క వేయాలి.

ఒకే గదిలో ముక్క వెళ్లి జవాబు రావడానికి అర మిల్లీసెకండు పడుతుందనుకుందాం. సెకనుకు 2,000 ముక్కలు, అంటే సుమారు ఒక మెగాబైట్. 30 మెగాబైట్ల ఇన్‌స్టాలర్ అర నిమిషంలో వచ్చేస్తుంది. ఫర్వాలేదు. అదే సర్వర్ భూస్థిర ఉపగ్రహం అవతల ఉంటే? సంకేతం పైకి కిందికి వెళ్లి, మళ్లీ జవాబు పైకి కిందికి రావడానికి సుమారు అర సెకండు. వెయ్యి రెట్లు ఆలస్యం. మీ తీగ ఎంత వెడల్పైనా, ఎన్ని మెగాబిట్ల ప్లాన్ తీసుకున్నా, ఆ అర నిమిషం పని ఎనిమిది గంటలు దాటుతుంది. కాంతి వేగాన్ని ఏ కంపెనీ పెంచలేదు. తరవాత ముక్క పరిమాణాన్ని పెంచుకునే సదుపాయం వచ్చింది. ఇప్పటి కంప్యూటర్లలో చాలావాటికి టీఎఫ్‌టీపీ బదులు వెబ్‌సైట్లు వాడే హెచ్‌టీటీపీ ద్వారానే మొదలయ్యే తెలివి కూడా ఉంది. అయినా పాత సూత్రం మారలేదు. సర్వర్ ఎంత దగ్గరుంటే అంత మంచిది.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఈ 'దగ్గర' అన్న మాటే. నెట్‌వర్క్ అనగానే మనవాళ్లు ఇంటర్నెట్ అనుకుంటారు. "మా ఊళ్లో నెట్ సరిగా రాదండీ, ఇవన్నీ హైదరాబాదుకు బాగుంటాయి" అని ఒక ప్రిన్సిపాల్ గారు నాతో అన్నారు. నెట్‌వర్క్ అంటే ఇంటర్నెట్ కాదు. గదిలో ఒక స్విచ్, ముప్పై కేబుళ్లు, మూలన ఒక సర్వర్ ఉంటే అది సంపూర్ణమైన నెట్‌వర్క్. బయటి ప్రపంచంతో దానికి పనే లేదు. యూడైస్ ప్లస్ 2023-24 లెక్కల ప్రకారం దేశంలో కంప్యూటర్లున్న బడులు సుమారు 57 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి సుమారు 54 శాతం. ఇంటర్నెట్ లేని, ఉన్నా అంతంతమాత్రంగా వచ్చే బడికే ఈ పద్ధతి ఎక్కువ అక్కర. నగరంలో ఉన్నవాళ్లు ఎలాగోలా డౌన్‌లోడ్ చేసుకుంటారు. ఏజెన్సీ ప్రాంతపు గురుకుల పాఠశాలలో మూలనున్న సర్వరే దిక్కు. ఒకసారి అన్నీ నింపి పెడితే, కరెంటు ఉన్నంతవరకూ పనిచేస్తుంది.

పెన్‌డ్రైవ్ మీద నాకు వేరే ఫిర్యాదు కూడా ఉంది. అది మంచినే కాదు, రోగాన్నీ మోస్తుంది. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే వైరస్ ఇరాన్ అణు కేంద్రాన్ని దెబ్బతీయడానికి తయారైనదని మనకు తెలుసు. ఇంటర్నెట్‌తో సంబంధం లేని కంప్యూటర్లను చేరడానికి అది వాడుకున్న ప్రధాన వాహనాల్లో ఒకటి పెన్‌డ్రైవ్. అది సోకిన కంప్యూటర్లు ఎక్కువగా కనిపించిన దేశాల్లో ఇరాన్, ఇండోనేషియా తరవాత స్థానం మనదే. మన అలవాటు అలాంటిది. ఫొటోస్టాట్ షాపులో పెట్టిన పెన్‌డ్రైవ్ ల్యాబ్‌లో పెడతాం, ల్యాబ్‌లోది ఇంట్లో పెడతాం. ముప్పై యంత్రాలకూ ఒకే పెన్‌డ్రైవ్ తిరిగితే, అది ముప్పై మందికి ఒకే సూది వాడటం లాంటిదే.

అయితే ఒక్కో యంత్రం దగ్గరికీ మనిషి నడిచి వెళ్లాల్సి రావడం పల్లెటూరి బడుల సమస్యే అనుకోకండి. 2024 జులై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికుల చేతిలో పెన్నుతో రాసిన బోర్డింగ్ పాస్‌లు కనపడ్డాయి. తప్పును ఆ సంస్థ 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది. కానీ అప్పటికే పడిపోయిన యంత్రం పూర్తిగా లేస్తే కదా సవరణ అందుకునేది! లేవలేదు కాబట్టి అందుకోలేదు, అందుకోలేదు కాబట్టి లేవలేదు. మళ్లీ విత్తు-చెట్టు కథే. చివరికి సాంకేతిక సిబ్బంది ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ వెళ్లాల్సి వచ్చింది. మైక్రోసాఫ్ట్ ముందు యూఎస్‌బీతో నడిచే మరమ్మతు సాధనం విడుదల చేసి, కొద్ది రోజుల్లోనే దానికి పిక్సీ పద్ధతిని కూడా చేర్చింది. యంత్రంలోని ఆపరేటింగ్ సిస్టమ్ చచ్చినా దాని కింద వినే చెవి ఒకటి బతికే ఉంటుందని చాలా సంస్థలకు ఆ వారం గుర్తొచ్చి ఉంటుంది.

ఇంత మంచిదైతే ప్రమాదాలు లేవా అంటే, ఉన్నాయి. వాటిని దాచి వాదించడం నాకిష్టం లేదు. మొదటిది నమ్మకానికి సంబంధించింది. బస్సు దిగిన కొత్త మనిషి కేకేసినప్పుడు ఊరి పెద్దే పలకాలని ఏముంది? దొంగ కూడా పలకొచ్చు. అసలు సర్వర్ కన్నా ముందు ఎవరైనా జవాబిచ్చి తమ ఫైలు అంటగడితే, పాత పిక్సీ యంత్రం అమాయకంగా దాన్నే నడిపేస్తుంది. టీఎఫ్‌టీపీలో పాస్‌వర్డు లేదు, గుట్టు లేదు. సంతకం లేని ప్రోగ్రామును నడపనివ్వని సెక్యూర్ బూట్ దీనికి కొంత విరుగుడు. కొంతే. 2024 జనవరిలో క్వార్క్స్‌ల్యాబ్ పరిశోధకులు చాలా కంప్యూటర్ల ఫర్మ్‌వేర్‌కు ఆధారమైన కోడులో, సరిగ్గా ఈ నెట్‌వర్క్ బూట్ భాగంలోనే, తొమ్మిది లోపాలు బయటపెట్టి వాటికి పిక్సీఫెయిల్ అని పేరు పెట్టారు. అందుకే ఈ సర్వర్‌ను ల్యాబ్ వరకే కట్టేసి ఉంచాలి. కళాశాల మొత్తానికీ తెరవకూడదు.

రెండోది ఇంకా భయంకరమైనది, ఎందుకంటే దానికి దొంగ కూడా అక్కర్లేదు. 2014 మే నెలలో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో విండోస్ 7 ఎక్కించే ఆదేశం పొరపాటున అన్ని విండోస్ యంత్రాలకూ వెళ్లిపోయింది. డెస్క్‌టాప్‌లు, ల్యాప్‌టాప్‌లు, సర్వర్లు కూడా తమను తాము తుడిచేసుకోవడం మొదలుపెట్టాయి. గమనించేసరికి ఆ ఆదేశం పంపిన సర్వరే తుడిచిపెట్టుకుపోయింది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటే ఇదే. పెన్‌డ్రైవ్ ఆయన పొరపాటు చేస్తే ఒక కంప్యూటర్ పోతుంది. నెట్‌వర్క్‌తో పొరపాటు చేస్తే గది మొత్తం పోతుంది. కాబట్టి మెనూలో మొదటి వరస ఎప్పుడూ 'హార్డ్‌డిస్క్ నుంచే మొదలవ్వు' అని ఉండాలి. 'మొత్తం తుడిచి కొత్తగా ఎక్కించు' అన్నది పాస్‌వర్డు అడగాలి. ఈ రెండూ రాయడానికి పట్టేది పది నిమిషాలు.

మూడో విషయం మీద మాత్రం నాకు గట్టి అభిప్రాయమే ఉంది. తయారీ సంస్థలు కూడా ఇప్పుడు పెన్‌డ్రైవ్ లేకుండా కోలుకునే సదుపాయం ఇస్తున్నాయి. ఆపిల్ 2011 నుంచీ ఇస్తోంది. డిస్క్ ఖాళీ అయినా మ్యాక్ కంప్యూటర్ వైఫై ద్వారా కంపెనీ సర్వర్‌ను చేరి మాక్ ఓఎస్ తెచ్చుకుంటుంది. వాడుకరికి ఎంతో హాయి. కానీ తీగకు అవతలి కొస ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలి. కంపెనీ ఆ మోడల్‌కు ఇవ్వడం మానేసిన రోజున ఆ హాయి ఆగిపోతుంది. ఆ సర్వర్‌లో మనకు కావలసిన తెలుగు కీబోర్డు, మన సిలబస్‌లోని కంపైలర్ ఉండవు. ప్రజల డబ్బుతో కొన్న ల్యాబ్‌కు అవతలి కొస కూడా ఆ గదిలోనే ఉండాలి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే చిప్ ఉండాలి కాబట్టి పాత యంత్రాల్లో చాలావాటిలో అది అధికారికంగా ఎక్కదు. ఆ పాత యంత్రాల్లో ఎక్కువ భాగం లినక్స్‌తో ఇంకో నాలుగైదేళ్లు హాయిగా నడుస్తాయి. సీడాక్ వారి బాస్ ఉంది, డెబియన్ ఉంది, ఉబుంటు ఉంది. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి. తెలుగువాళ్లలోనూ స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం చాలాకాలంగా పనిచేస్తోంది. ఉన్నదాన్ని ఎక్కించే చేయి లేక, యంత్రాలు తుక్కు లెక్కలోకి పోతున్నాయి.

ఆ చేయి ఎందుకు లేదు? నాకు అర్థమైనంతవరకూ డబ్బు అసలు కారణం కాదు. టెండరు కాగితాల్లో ప్రాసెసర్ ఎంత, మెమరీ ఎంత, వారంటీ ఎన్నేళ్లు అని రాస్తారు. 'ల్యాబ్ సిబ్బంది తామే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ ఎక్కించుకునే ఏర్పాటు ఉండాలి' అన్న ఒక్క వాక్యం నేను చూసిన టెండర్లలో ఎక్కడా లేదు. ల్యాబ్ తన కాళ్ల మీద తాను నిలబడితే మెయింటెనెన్స్ సంస్థకు వచ్చే లాభమూ లేదు. బీఎస్సీ కంప్యూటర్స్ విద్యార్థులు ఓఎస్ఐ నమూనాలోని ఏడు పొరలను పరీక్షలో బొమ్మతో సహా రాస్తారు. డీహెచ్‌సీపీ అంటే ఏమిటో రెండు మార్కులకు రాస్తారు. పక్క గదిలో పంతొమ్మిది యంత్రాలు సరిగ్గా ఆ రెండు మార్కుల జవాబు కోసం ఎదురుచూస్తుంటాయి. ఇంతకన్నా మంచి ప్రాక్టికల్ ఏ ప్రయోగశాల ఇస్తుంది?

మాటలు చెప్పి ఊరుకోవడం బాగుండదని డిసెంబరులో ఒక శనివారం మళ్లీ ఆ కళాశాలకు వెళ్లాను. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేసే ఒక స్నేహితురాలు తోడొచ్చింది. స్టాఫ్ రూములో వాడకుండా ఉన్న పాత డెస్క్‌టాప్‌ను సర్వర్ చేశాం. నాలుగు గిగాబైట్ల మెమరీ, 500 గిగాబైట్ల డిస్క్. ఉన్న రూటర్‌ను కదపకుండా, బూట్ వివరాలు మాత్రమే చెప్పే ప్రాక్సీ డీహెచ్‌సీపీగా డీఎన్‌ఎస్‌మాస్క్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామును పెట్టాం. డెబియన్ ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలన్నిటికీ ముందే జవాబులు రాసిపెట్టిన ఫైలు ఒకటి తయారుచేశాం. భాష, డిస్క్ విభజన, వాడుకరి పేరు, పైథాన్, లిబ్రేఆఫీస్, తెలుగు ఫాంట్లు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు. ఆ ఫైలులో తెలుగుకు పట్టింది రెండు మూడు వరసలు. అవి లేకపోవడం వల్లే ఇన్నాళ్లూ ఆ ల్యాబ్‌లో ఎవరూ తెలుగులో టైప్ చేయలేదు.

డిస్కుల్లో ఎవరి ప్రాజెక్టులైనా ఉన్నాయేమోనని ముందే కనుక్కున్నాం. ఇద్దరు విద్యార్థుల ఫైళ్లు తీసిపెట్టాకే మొదలుపెట్టాం. స్విచ్ పాతది, 100 మెగాబిట్లది. అంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లకు మించదు, చేతికి వచ్చేది పదకొండు. ఒక్కో యంత్రానికి రెండు గిగాబైట్లు కావాలి. పంతొమ్మిదింటినీ ఒకేసారి లేపితే అందరూ ఒకే కుళాయి దగ్గర బిందెలు పెట్టినట్టవుతుందని ఎనిమిదేసి చొప్పున లేపాం. ఎనిమిదింటికి పదహారు గిగాబైట్లు, తీగ మీద ఇరవై ఐదు నిమిషాలు, ఆపై సర్దుకోవడానికి మరికొంత. విద్యార్థులు వరసగా నిలబడి ఎఫ్12 నొక్కారు. ఎనిమిది తెరల మీద ఒకేసారి అక్షరాలు పరుగెత్తడం చూసి ఒకమ్మాయి ఫోనులో వీడియో తీసుకుంది. మధ్యాహ్నం భోజనానికి అరగంట ఆగాం. మూడు గంటలకల్లా పని అయిపోయింది.

పంతొమ్మిదిలో పదిహేను లేచాయి. రెండింటికి పవర్ సప్లై పోయింది. ఒకదానికి హార్డ్‌డిస్క్ నిజంగానే పాడైంది. పంతొమ్మిదోదానిలో ఏ లోపమూ లేదు, కానీ నెట్‌వర్క్ బూట్ ఆపేసి ఉంది. దాన్ని మార్చుదామని సెట్టింగుల్లోకి వెళితే పాస్‌వర్డు అడిగింది. అది ఎవరికీ తెలియదు.

సంక్రాంతి సెలవుల తరవాత ల్యాబ్ అసిస్టెంట్ ఫోన్ చేశారు. రెండు కంప్యూటర్లు మళ్లీ పోయాయట. ఆయనే ఎఫ్12 నొక్కి, మెనూలో పాస్‌వర్డు కొట్టి, టీ తాగి వచ్చేసరికి రెండూ సిద్ధంగా ఉన్నాయట. ఆ పంతొమ్మిదోదాని సంగతి అడిగాను.

"అది అలాగే ఉంది మేడం. ఆ పాస్‌వర్డ్ పెన్‌డ్రైవ్ ఆయనకే తెలుసంట. ఈ నెల వస్తానన్నాడు."